ఇంగ్లీషు వాక్యమునకు చెవియే గురువు

తెలుగు మాతృభాషగా గలవారికి ఇంగ్లీషులో మిక్కిలి కష్టమైన దేదియని యడిగినచో, కొందరు అక్షరక్రమమందురు, కొందరు ఉచ్చారణమందురు, మరికొందరు క్రియల కాలభేదములందురు. ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించుచు, పొరుగు తరగతిలో సాగు ఇంగ్లీషు పాఠములను గోడ కీవలి నుండి వినుచు వచ్చిన నాకు, వీనియన్నిటికంటెను పెద్ద కష్టము పదముల వరుస యని తోచినది. అక్షరక్రమము తప్పినను చదువరి గ్రహించును. ఉచ్చారణము కొంత తప్పినను వినువాడు సరిపెట్టుకొనును. వరుస తప్పినచో వాక్యార్థమే మారిపోవును, లేదా వాక్యము వాక్యము కాకయే పోవును. ఈ వరుసను కంటితో పుస్తకమునుండి గాక, సహజముగా మాటలాడువారి పలుకునుండి చెవితో నెట్లు అభ్యసింపవచ్చునో నేడు శ్రోతలకు విన్నవింతును.

మొదట రెండు భాషలకు గల భేదమును తెలిసికొందము. “రాముడు రావణుని చంపెను” అను వాక్యమున మూడు పదములున్నవి. మూడు పదములను ఆరు విధములుగా పేర్చవచ్చును. “రావణుని రాముడు చంపెను” అన్నను, “చంపెను రావణుని రాముడు” అన్నను, ఆరింటిలో దేనిని చెప్పినను చంపినవాడు రాముడే, చచ్చినవాడు రావణుడే. ఊనిక ఒక్కొక్కచో నొక్కొక్క పదముపై పడునుగాని కర్తృకర్మలు తారుమారు కావు. ఇది విభక్తి చేసిన మేలు. డుకారము కర్తను పట్టియిచ్చును, నికారము కర్మను పట్టియిచ్చును. పదము వాక్యములో నెచ్చట నిలిచినను తన గుర్తును తాను మోసికొని పోవును.

ఇంగ్లీషున “రామ కిల్డ్ రావణ” అందురు. ఆ రెండు పేర్లను అటునిటు మార్చినచో రామాయణమే తలక్రిందగును. పేర్లకు తగిలించిన గుర్తేదియు లేదు. క్రియకు ముందు నిలిచినవాడు కర్త. వెనుక నిలిచినవాడు కర్మ. మనకు ప్రత్యయము చేయు పనిని వారికి స్థానము చేయుచున్నది. కావున మనము వరుస తప్పినప్పుడు ఇంగ్లీషువానికి కలుగు ఇబ్బంది, ఒకడు తెలుగున విభక్తులన్నియు విడిచి “రాముడు రావణుడు చంపెను” అన్నప్పుడు మనకు కలుగు ఇబ్బంది వంటిది.

ఆ భాష ఎల్లప్పుడును ఇట్లే యుండలేదు. సుమారు వేయి సంవత్సరములకు పూర్వపు ఇంగ్లీషున నామములకు నాలుగు ముఖ్యవిభక్తులుండెను. అప్పుడు పదములకు మన భాషలో వలెనే కొంత స్వేచ్ఛ యుండెను. పదాంతములందలి అక్షరములపై ఊనిక లేకపోవుటచేత అవి నోట నానినాని క్రమముగా నరిగిపోయెను. ఉత్తరదేశమున స్కాండినేవియా నుండి వచ్చి స్థిరపడినవారితో కలసి బ్రతుకుట అందులకు మరియొక కారణమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆ మార్పు మరింత సాగెను. ప్రత్యయములు పోయినకొలది వరుస బిగిసెను. నేడు ఐ, మి, హి, హిమ్, షి, హర్ వంటి సర్వనామములలోను, షష్ఠ్యర్థమున చేరు సకారములోను మాత్రమే ఆ పాత విభక్తుల ఛాయ మిగిలియున్నది.

ఇక మన వాక్యమును వారి వాక్యమును ప్రక్కప్రక్కన నుంచి చూతము. “మా అన్న విజయవాడలో కొన్న పుస్తకము బల్లమీద నున్నది” అని మనమందుము. వారు “ది బుక్ దట్ మై బ్రదర్ బాట్ ఇన్ విజయవాడ ఈజ్ ఆన్ ది టేబుల్” అందురు. మనకు పుస్తకమును గూర్చిన విశేషణమంతయు ముందు వచ్చి, పుస్తకము వెనుక వచ్చినది. వారికి పుస్తకము ముందు వచ్చి, దాని సంగతి వెనుక వచ్చినది. మనకు క్రియ కడపట నున్నది. వారికి క్రియ నడుమ నున్నది. “విజయవాడ” తరువాత మనము “లో” అందుము. వారు విజయవాడకు ముందే “ఇన్” అందురు. “బల్ల” తరువాత మనము “మీద” అందుము. వారు బల్లకు ముందే “ఆన్” అందురు. అద్దములో కుడి యెడమలు మారినట్లు ఇచ్చట ముందు వెనుకలు మారినవి. అయితే ఇది పూర్తి అద్దము కాదు. మంచి పుస్తకము వారికిని “గుడ్ బుక్” అయియే యుండును; కర్త వారికిని సామాన్యముగా క్రియకు ముందే యుండును. కొంత మారి, కొంత మారకయుండుటచేతనే చిక్కు హెచ్చినది. అన్నియు తలక్రిందైనచో ఒక్క సూత్రముతో సరిపోయెడిది.

ప్రశ్నల విషయమున ఇంకొక చిక్కు కలదు. “నీవేమి చేయుచున్నావు?” అను ప్రశ్నను “నీవేమి చేయుచున్నావో నాకు తెలియదు” అను పెద్దవాక్యములో నిమిడ్చినప్పుడు మన వరుస చెదరదు, ఓకారమొకటి చేరును, అంతే. ఇంగ్లీషున “వాట్ ఆర్ యు డూయింగ్?” అనునది ప్రశ్న. దానిని పెద్దవాక్యములో నిమిడ్చినచో “ఐ డోంట్ నో వాట్ యు ఆర్ డూయింగ్” అని “ఆర్, యు” అను రెండును స్థానములు మార్చుకొనును. మన పిల్లలు ప్రశ్న యడుగునప్పుడు “వాట్ యు ఆర్ డూయింగ్?” అనియు, ప్రశ్న కానప్పుడు “ఐ డోంట్ నో వాట్ ఆర్ యు డూయింగ్” అనియు అనుట నేను వేయిమార్లు వింటిని. వారికి నియమము తెలియక కాదు. అదే పిల్లలు ఖాళీలు పూరింపుమన్నచో తప్పు లేకుండ పూరింతురు.

నియమము తెలిసియు నోరేల తడబడును? కారణము కాలము. సంభాషణలో నొకరు మాట ముగించుటకును మరియొకరు బదులు మొదలిడుటకును నడుమ పట్టు కాలము సామాన్యముగా సెకండులో ఐదవవంతు మాత్రమేయని, పలుభాషల సంభాషణములను కొలిచి చూచినవారు కనుగొనిరి. సహజముగా మాటలాడు ఇంగ్లీషు నిమిషమునకు సుమారు 150 పదముల వేగమున సాగును. అంత స్వల్పకాలములో మనసున తెలుగువాక్యము కూర్చుకొని, క్రియను పెరికి నడుమ నాటి, “లో, మీద” అనువానిని వెనుకనుండి ముందునకు జరిపి, ఆపై పలుకుట మానవమాత్రునికి సాధ్యము కాదు. పరీక్షాపత్రముపై చాలినంత వ్యవధి యుండును, మాటలో నుండదు.

సంస్కృతము చదివినవారి కొక సంగతి జ్ఞప్తికి తెత్తును. శ్లోకమున చెల్లాచెదరుగా నున్న పదములను మనము అన్వయించుకొందుము. దండాన్వయమున కర్తను, కర్మను, క్రియను వరుసగా నిలుపుదుము, ఖండాన్వయమున క్రియను ముందు పట్టుకొని “ఎవడు? దేనిని? దేనిచేత?” అని ప్రశ్నించుచు తక్కిన పదములను లాగుదుము. పలువురు ఇంగ్లీషును గూడ ఇట్లే అన్వయించుచు వినుటకు యత్నింతురు. శ్లోకము కాగితముమీద కదలక నిలిచియుండును. ఎంతసేపైన కూర్చుండి అన్వయింపవచ్చును. పలుకు నిలువదు. ఒక పదమును అన్వయించునంతలో పది పదములు దాటిపోవును.

మన శాస్త్రమే దీనికి ఉపాయము కూడ సూచించుచున్నది. తెలుగువాడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున వాక్యార్థము తెలియుటకు మూడు కారణములు చెప్పెను: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదము మరియొక పదమును కోరుట ఆకాంక్ష. అర్థమునకు బాధ లేకుండుట యోగ్యత. సన్నిధి యనగా పదములను ఆలస్యము లేక వెంటవెంట నుచ్చరించుట. “ఆవును” అని యిప్పుడు పలికి, “తెమ్ము” అని జామునకు పలికినచో అది వాక్యము కాదు. ఇందు గమనింపదగినది, సన్నిధి వ్రాతకు సంబంధించిన గుణము గాక ఉచ్చారణమునకు సంబంధించిన గుణమగుట. పదముల పొందిక కంటికి కనబడునది కాదు, చెవికి వినబడునది. మన విద్యార్థి ఒక్కొక్క పదమును వెదకి వెదకి పేర్చుచు పలుకునప్పుడు వరుస సరిగనే యున్నను సన్నిధి చెడును. సన్నిధి చెడిన వాక్యమును వినువాడు ఓపికతో భరించునేగాని అందుకొనలేడు.

సహజముగా పలుకు ఇంగ్లీషువాడు పదము పదముగా పలుకడు. ముద్దలు ముద్దలుగా పలుకును. “ఇన్ ది మార్నింగ్” అనునది అతనికి మూడు పదములు కాదు, ఒక్క ముద్ద. మనకును “ఉదయమున” అనునది ఒక్కటియే గదా! ఆ ముద్దను శ్వాసఖండ మందము. ఇచ్చట నేను చెప్పదలచిన ముఖ్యసూత్ర మొకటి కలదు. తెలుగున శ్వాసఖండము విభక్తితోనో, “ముందు, తరువాత, మీద, కొరకు” అను మాటలతోనో ముగియును. ఇంగ్లీషున శ్వాసఖండము అట్టి చిన్నమాటతో మొదలగును. మన చెవి చిన్నమాట వినబడగానే ఖండము ముగిసినదని విశ్రమించును. వారి చెవి చిన్నమాట వినబడగానే క్రొత్త ఖండము మొదలైనదని మేల్కొనును.

ఈ భేదమువలన నెంత ప్రమాదము రాగలదో ఒక నిదర్శనము చెప్పెదను. మంగళగిరిలో మా వీధిని ఒక నేతపనివారి కుమార్తె యుండెను. పదవ తరగతి వరకు తెలుగుమాధ్యమముననే చదివి, మంచి మార్కులు సంపాదించి, రోగులకు పరిచర్య చేయు శిక్షణకై ఒక కళాశాలలో చేరెను. అచ్చట పాఠములును, ఆజ్ఞలును సమస్తము ఇంగ్లీషుననే. ఒకనాడు పై యుద్యోగిని నడచిపోవుచు “గివ్ ది టాబ్లెట్ బిఫోర్ ది మీల్” అని చెప్పెను. దాని యర్థము భోజనమునకు ముందు మాత్ర నిమ్మని. ఈ పిల్ల చెవి తెలుగు అలవాటుచొప్పున “టాబ్లెట్ బిఫోర్” అనుదానిని నొక జతగా పట్టుకొన్నది. అనగా మాత్రకు ముందు భోజనము! అర్థము సరిగా తలక్రిందైనది. అదృష్టవశమున ఆమెకు సందేహము కలిగి, వెనుకనే పోయి మరల నడిగి నిర్ధారించుకొన్నది. రోగికి హాని కలుగలేదు. కాని ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టలేదట.

సెలవులకు వచ్చినప్పుడు నాతో ఇట్లు చెప్పినది: “మాస్టారూ, రూల్సన్నీ వచ్చు. కాగితం మీద ఇస్తే చేసేస్తాను. నేను నోరు తెరిచేసరికి వాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోతారు. వాళ్లు చెప్పింది నేను సర్దుకునేసరికి నడవా దాటిపోతారు.”

“అమ్మాయీ, నీకు తక్కువైంది వ్యాకరణం కాదు, సంత” అంటిని.

సంత యన నేమియో పెద్దలెరుగుదురు. వేదపాఠశాలలో గురువు ఒకమారు పలుకగా శిష్యుడు రెండుమార్లు పలుకును. పుస్తకము చేతనుండదు. వేదమును వరుస చెడకుండ ఇన్ని తరములు కాపాడినది లిపి కాదు, చెవియే. అందులకై మన పూర్వులు క్రమపాఠమను ఉపాయము కల్పించిరి. మొదటి పదమును రెండవదానితోను, రెండవదానిని మూడవదానితోను, మూడవదానిని నాల్గవదానితోను జతపరచి వల్లింతురు. ఏ పదము దేనివెంట రావలెనో నాలుకకే తెలిసిపోవును. బుద్ధిని అడుగ నక్కరలేదు. విభక్తులు పుష్కలముగా గల భాషకే వరుసను చెవికి అప్పగించినవారి సంతతి, విభక్తులు లేని భాషకు వరుసను పుస్తకమునుండి నేర్వజూచుట విపరీతము కాదా?

ఆ పిల్లకు నేను చెప్పిన యభ్యాసమునే మీకును చెప్పెదను. ఇందులకు కావలసినది దినమునకు పావుగంట. అనగా నెలకు ఏడున్నర గంటలు. సాధనము రేడియో కావచ్చును, చేతిలోని ఫోను కావచ్చును. ఎవరైన సహజముగా మాటలాడిన పలుకు ఒక నిమిషముపాటిది ఎన్నుకొనుడు. దాని వ్రాతప్రతి కూడ దొరకినచో మేలు. వార్తలు వ్రాసికొని చదువునవి. వానికంటె ఇరువురు ముచ్చటించుకొనునది ఈ పనికి శ్రేష్ఠము. బొత్తిగా క్రొత్తవారు నెమ్మదియైన పలుకుతో ఆరంభింపవచ్చును. అమెరికావారి రేడియో 1959లో ఇట్టివారికొరకే సుమారు 1,500 పదములతో, మామూలు వేగములో మూడింట రెండువంతుల వేగమున ప్రసంగములు మొదలిడెను. ఊతకోల నడక నేర్పుటకే గాని జీవితాంతము పట్టుకొనుటకు కాదు. కొలదినాళ్లకు సహజవేగమునకు రావలెను.

మొదటి మెట్టు: వ్రాతప్రతి చూడక నిమిషము పలుకును రెండుమార్లు వినుడు. సారాంశము తెలిసిన చాలును.

రెండవ మెట్టు: వ్రాతప్రతిని ముందుంచుకొని మరల వినుచు, మాటలాడువాడు ఎచ్చట ఊపిరి నిలిపెనో, ఎచ్చట స్వరము దించెనో అచ్చటచ్చట పెన్సిలుతో నొక గీత గీయుడు. “గివ్ ది టాబ్లెట్” అనినతరువాత గీత పడును. “బిఫోర్ ది మీల్” అను ఖండము దాని తరువాత వచ్చును. “బిఫోర్” అనునది తరువాతి మాటకు చెందినదను సంగతి ఆ గీతయే చెప్పును. అచ్చుపుస్తకములో ఆ గీత యుండదు, పలుకులో నుండును. గీతకు కుడిప్రక్కన నెన్నిమార్లు చిన్నమాట కనబడునో లెక్కింపుడు. నేను చెప్పిన సూత్రము మీకే ప్రత్యక్షమగును.

మూడవ మెట్టు: ఇది ఆకాంక్ష కభ్యాసము. వ్రాతప్రతిని మూసి, పలుకును వినుచు క్రియ రాగానే ధ్వనిని నిలుపుడు. “షి పుట్” అని వినబడినది. వెంటనే రెండు ప్రశ్నలు మనసున లేవవలెను: దేనిని? ఎచ్చట? ఊహించి పలికి, పిదప ధ్వనిని సాగనిండు. “ది కీస్ ఆన్ ది టేబుల్” అని వచ్చును. మనము “ఆమె తాళపుచెవులను బల్లమీద పెట్టెను” అందుము. తెలుగు వినువాడు సామగ్రినంతయు చేత బట్టుకొని క్రియకై వేచియుండును. ఇంగ్లీషు వినువాడు క్రియను చేత బట్టుకొని సామగ్రికై వేచియుండును. వేచియుండు వైఖరి మారనిదే వినికిడి మారదు. మన చెవికి రావలసిన ముఖ్యమైన మార్పు ఇదియే. నిషేధము కూడ ఇట్టిదే. “రాలేదు” అని మనము కడపట చెప్పుదుము. వారు “డిడ్ నాట్ కమ్” అని క్రియకు ముందే చెప్పివేయుదురు. కడపటి దాక వేచి, ముందు దాటిపోయిన చిన్న “నాట్”ను జారవిడుచువారు పలువురు కలరు.

నాలుగవ మెట్టు సంత. ఒక్కొక్క శ్వాసఖండమును విని, నిలిపి, రెండుమార్లు పలుకుడు. మాటలనే గాక రాగమును, తూనికను గూడ అనుకరింపుడు. ఇంగ్లీషున పెద్దమాటలపై బరువు పడును, చిన్నమాటలు నలిగిపోవును. “ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్” అనునది చెవికి “ఐషుడవ్ టోల్డిమ్” అని వినబడును. వినబడినట్లే పలుకుడు. చిన్నమాటలను ఒక్కొక్కటిగా విప్పి పలికితిమా సన్నిధి తెగును. పొడుగువాక్యమైనచో తోకనుండి కట్టుకొని రండు: “ఆన్ ది టేబుల్”, “ది కీస్ ఆన్ ది టేబుల్”, “పుట్ ది కీస్ ఆన్ ది టేబుల్”, “షి పుట్ ది కీస్ ఆన్ ది టేబుల్.” తెలిసిన తోకవైపు పోవుచున్నాము గనుక నాలుక భయపడదు. కొన్నిదినములకు ధ్వనిని నిలుపకయే నీడవలె వెంటబడి పలుకవచ్చును.

అయిదవ మెట్టు: అన్నియు మూసివైచి, ఆ నిమిషపు మాటలను జ్ఞాపకమునుండి కాగితముపై వ్రాయుడు. పిదప వ్రాతప్రతితో పోల్చుడు. మాట మారినచో విచారింపనక్కరలేదు. వరుస మారిన చోటుల క్రింద మాత్రము గీత గీయుడు. ప్రతివాని తెలుగు ప్రతివాని కొక్కొక్కచోట దొంగచాటుగా ప్రవేశించును. ఒకనికి ప్రశ్నలలో, ఒకనికి “ఆల్వేస్” వంటి మాటల స్థానమున, మరియొకనికి స్థలకాలముల క్రమమున. మీ దొంగ ఏ కన్నమున దూరుచున్నాడో మీకు తెలిసిన తరువాత ఆ కన్నమును మూయుట సులభము.

ఆరవ మెట్టు: పట్టుబడిన చట్రములో మాటలు మార్చుడు. “షి పుట్ ది కీస్ ఆన్ ది టేబుల్” అను చట్రములో తాళపుచెవులకు మారుగా పుస్తకము, బల్లకు మారుగా కుర్చీ, ఆమెకు మారుగా మా తమ్ముడు. హెరాల్డ్ పామర్ అను ఇంగ్లీషు విద్వాంసుడు 1916లోనే ఇట్టి మార్పిడి పట్టికలు నూరు కూర్చి ప్రకటించెను. ఆయన పిమ్మట 1922లో జపానునకు పోయి అచ్చట ఇంగ్లీషు బోధనను సంస్కరింప పూనుకొనెను. మాటలాడుటకు ముందు కావలసినంత వినవలెనని ఆయన పట్టుదల. పట్టికను కంటితో చూచి కాదు, చెవిలో చట్రము మ్రోగుచుండగా మార్చుటయే ఫలము.

పుస్తకము లేకయే భాషను చెవితో పట్టుకొనవచ్చుననుటకు మన దేశమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారికంటె గొప్ప నిదర్శనము కలదా? వారు 1863లో జన్మించి 1940లో కీర్తిశేషులైరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా సవరల భాషను నేర్వదలచిరి. ఆ భాషకు అప్పుడు లిపి లేదు, చదువుకొనుటకు పుస్తకము లేదు. సవరలు మాటలాడుచుండగా వినుటయు, వారితో మాటలాడుటయు తప్ప వేరు మార్గము లేకుండెను. ఆ మార్గముననే భాషను స్వాధీనము చేసికొని, తరువాత 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును లోకమున కొసగిరి. తెలుగు వ్రాతవిషయమున వారి వాదమును నావంటి గ్రాంథికుడు అంగీకరింపకపోవచ్చును. చెవి ముందు, వ్యాకరణము వెనుక యను ఈ క్రమమును అంగీకరింపక తప్పదు.

కొన్ని హెచ్చరికలు చెప్పవలసియున్నవి. వ్యాకరణము వ్యర్థమని నేననలేదు. చెవికి పరిచయమైన వరుసకు వ్యాకరణము పేరు పెట్టును, కారణము చెప్పును, సందేహము తీర్చును. పరిచయమే లేనిదానికి పేరు పెట్టి యేమి ప్రయోజనము? మరియు, వినుట యనగా ప్రక్కగదిలో ధ్వని మ్రోగుచుండగా వేరు పని చేసికొనుట కాదు. అర్థము తెలిసినచాలునని వినువాని చెవి పెద్దమాటలను పట్టుకొని వరుసను వదలివేయును. కావుననే గీతలును, నిలుపుటలును, వ్రాతయును. సహజసంభాషణలో తడబాటులుండును, సగములో విడిచిన వాక్యములుండును, వానిని దాటిపొండు. ఊనికకొరకు వారును అప్పుడప్పుడు కర్మను ముందునకు తెచ్చి “దట్ బుక్ ఐ హావ్ రెడ్” అందురు. అట్టిచోట స్వరము మారుట వినబడును. నియమమునకు మినహాయింపు ఎప్పుడో చెప్పునదియు ఆ స్వరమే.

ఇక ఎవరి పలుకు వినవలెనను ప్రశ్న. లండనువారిదే వినవలెనను నిర్బంధము లేదు. మన దేశమున చక్కని ఇంగ్లీషు సహజముగా పలుకువారు అసంఖ్యాకులు. ఉచ్చారణములు పలువిధములుగా నున్నను వాక్యపు వరుస యందరికిని దాదాపుగా నొక్కటియే. మీకు రేపు పని పడబోవువారి పలుకు వినుట ఉత్తమము: న్యాయవాది కాగోరువాడు వాదములను, వర్తకుడు బేరములను, రోగులను చూచువారు వైద్యుల సంభాషణములను.

నేతపనివారి పిల్ల ఆరునెలలు ఈ పని విడువక చేసినది. నేను ఆమె గొప్ప వక్త యైనదని చెప్పబోను. మొదటి నెలలో ఏమియు మారలేదు. మూడవ నెలలో, ఆజ్ఞలు రెండవమారు అడుగవలసిన యవసరము తగ్గినదని చెప్పినది. ఆరవ నెలలో తరగతిలో నిలుచుండి ప్రశ్న యడిగినదట. అడిగిన పిదపగాని తాను వరుసను గూర్చి ఆలోచింపలేదను సంగతి ఆమెకు తట్టలేదట. నాకు కావలసినది అదియే. వరుస బుద్ధినుండి జారి చెవిలో దిగినది.

మన గ్రామములనుండి పట్టణపు కళాశాలలకు పోవు పిల్లలలో, తెలిసియు నోరు మెదపక వెనుకబల్లపై కూర్చుండువారెందరో కలరు. వారికి విషయము తెలియదని అధ్యాపకులు తలంతురు. తమకు తెలివి లేదని వారే తలంతురు. రెండును నిజము కావు. వారికి తెలిసిన దానికిని నోటికిని నడుమ నొక వంతెన లేదు, అంతే. ఆ వంతెన డబ్బు పెట్టి కొనునది కాదు. ఈ రాత్రియే ఒక నిమిషపు ఇంగ్లీషు సంభాషణను విని, ఊపిరి నిలిచినచోట నెల్ల నొక గీత గీచి, గీతకు కుడిప్రక్క ఏ మాట నిలిచియున్నదో చూడుడు. తక్కిన మెట్లు రేపటినుండి. పిల్లలున్న ఇంట పెద్దలు కూడ ప్రక్కన కూర్చుండి పలుకుదురుగాక. సంత యెప్పుడును ఒంటరిగా చెప్పుకొనునది కాదు.